చంపిందెవరో ముందే తెలిసిపోతుంది, అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం: 'జెడ్' (1969)

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత సినిమా. పాతది అంటే మన అమ్మానాన్నలు కూడా చిన్నపిల్లలుగా ఉన్నప్పటిది. కానీ చూడటం మొదలుపెడితే ఫోన్ పక్కన పెట్టేస్తారు, అది నా గ్యారంటీ.

ముందు ఒక చిన్న విషయం. మన సినిమా ఏదైనా మొదలయ్యే ముందు ఒక కార్డు పడుతుంది కదా. ఇందులోని పాత్రలు, సంఘటనలు అన్నీ కల్పితం, ఎవరినైనా పోలి ఉంటే అది యాదృచ్ఛికం మాత్రమే అని. మనం ఎవరమూ చదవం. అది పాప్‌కార్న్ సర్దుకునే టైమ్. అయితే 1969లో ఒక డైరెక్టర్ ఆ కార్డును తిరగేసి రాశాడు. నిజ జీవితంలోని మనుషులతో, సంఘటనలతో పోలిక కనిపిస్తే అది యాదృచ్ఛికం కాదు, కావాలనే పెట్టాం అని. కింద డైరెక్టర్ పేరు, రచయిత పేరు. అంటే కేసు వేసుకుంటే వేసుకోండి అన్నట్టు.

ఆ సినిమా పేరు 'జెడ్'. జెన్ జీ గురించి కాదండోయ్. ఇంగ్లిష్ ఆఖరి అక్షరం ఉంది కదా, ఆ ఒక్క అక్షరమే టైటిల్. ఎందుకో కాసేపట్లో చెప్తాను. డైరెక్టర్ కోస్టా గావ్రాస్. పుట్టింది గ్రీస్‌లో, సినిమా తీసింది ఫ్రెంచ్‌లో, షూటింగ్ అల్జీరియాలో. ఇంత తిరుగుడు ఎందుకో అర్థమైతే సగం సినిమా అర్థమైనట్టే.

స్పాయిలర్ అలర్ట్ కూడా ఇప్పుడే ఇచ్చేస్తున్నా. కథంతా చెప్పేస్తాను. కానీ ఇది ట్విస్ట్ మీద బతికే సినిమా కాదు. చంపిందెవరో మనకు ముందే కనిపిస్తుంది. తర్వాత ఏం జరుగుతుంది అన్నదే టెన్షన్.

అసలు జరిగింది ఏమిటి

1963 మే 22. గ్రీస్‌లోని థెస్సలోనికి నగరం. గ్రిగోరిస్ లాంబ్రాకిస్ అనే ఎంపీ అక్కడ ఒక శాంతి సభలో మాట్లాడటానికి వచ్చాడు. మామూలు ఎంపీ కాదు. వృత్తిరీత్యా డాక్టర్. కుర్రతనంలో అథ్లెట్, లాంగ్ జంప్‌లో గ్రీస్ జాతీయ రికార్డు చాలా ఏళ్లు ఆయన పేరు మీదే ఉండేది. అణ్వాయుధాలు వద్దని ఉద్యమం చేసేవాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో మారథాన్ నుంచి ఏథెన్స్‌కి శాంతి యాత్ర తలపెడితే ప్రభుత్వం నిషేధించింది, వచ్చినవాళ్లను వచ్చినట్టే అరెస్టు చేసింది. ఎంపీ కాబట్టి ఈయన్ని ముట్టుకోవడం అంత తేలిక కాదు. దాంతో ఆయన బ్యానర్ పట్టుకుని ఒక్కడే నడిచాడు.

నెల తర్వాత థెస్సలోనికిలో సభ ముగించుకుని బయటికొచ్చాడు. చుట్టూ బోలెడంత మంది పోలీసులు. ఆ పోలీసుల మధ్యలోంచే ఒక మూడు చక్రాల బండి, మన ట్రాలీ ఆటో లాంటిది, దూసుకొచ్చింది. వెనక నిలబడ్డవాడు తల మీద కొట్టాడు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి మే 27న లాంబ్రాకిస్ చనిపోయాడు. ఏథెన్స్‌లో అంత్యక్రియలకు లక్షల మంది వచ్చారు.

తర్వాత ఆ దేశంలో గోడల మీద ఒక అక్షరం కనిపించడం మొదలైంది. అదే ఈ టైటిల్. గ్రీకులో ఆ అక్షరంతో మొదలయ్యే ఒక చిన్న మాట ఉంది, పలికితే 'జీ' అని వినిపిస్తుంది. 'బతికే ఉన్నాడు' అని అర్థం. మనవాళ్లు 'జోహార్' అంటారు, 'అమర్ రహే' అంటారు. వాళ్లకి ఒక్క అక్షరం సరిపోయింది.

ఈ హత్య మీద వాసిలిస్ వాసిలికోస్ అనే రచయిత నవల రాశాడు. ఇంతలో 1967 ఏప్రిల్ 21న గ్రీస్‌లో సైన్యం అధికారం లాక్కుంది. ఇక ఆ కథను గ్రీస్‌లో తీసే ప్రసక్తే లేదు. అందుకే పారిస్‌లో ఉంటున్న గ్రీకు డైరెక్టర్, ఫ్రెంచ్ నటులతో, అల్జీర్స్ వీధుల్లో దీన్ని తీశాడు. నిర్మాతల్లో ఒకడు జాక్ పెరాన్, సినిమాలో ఫొటో జర్నలిస్టుగా కనిపించే కుర్రాడు అతనే. మ్యూజిక్ మికిస్ థియోడొరాకిస్‌ది. ఆయన్ని అప్పటికే సైనిక ప్రభుత్వం నిర్బంధంలో పెట్టింది. స్టూడియోకి వచ్చి పని చేసే అవకాశమే లేదు కాబట్టి, ఆయన అంతకుముందు కట్టిన బాణీలను వాడుకున్నారు. ఆ బీజీఎం వింటే ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని కట్టినవాడు తన ఊళ్లో స్వేచ్ఛగా తిరగలేని స్థితిలో ఉన్నాడని తెలిశాక ఇంకో రకంగా వినిపిస్తుంది.

మొదటి సీన్‌లో బూజు తెగులు

పొలిటికల్ థ్రిల్లర్ అనగానే మనం ఛేజ్‌తోనో, బాంబుతోనో ఓపెనింగ్ ఊహిస్తాం. ఇక్కడ వ్యవసాయ శాఖ వాళ్ల ఉపన్యాసంతో మొదలవుతుంది. ద్రాక్ష తీగలకి బూజు తెగులు ఎలా వస్తుంది, ఏ మందు కొట్టాలి అని. మన దగ్గర ద్రాక్ష తోటలున్న ఇళ్లలో మైలుతుత్తం, బోర్డో మిశ్రమం అనే మాటలు వినే ఉంటారు. అదే టాపిక్. హాలు నిండా పోలీసు, మిలిటరీ ఆఫీసర్లు. చూసే మనకి కూడా విసుగొస్తుంది.

అప్పుడు పోలీస్ జనరల్ లేస్తాడు. తీగలకు బూజు పట్టినట్టే సమాజానికి కూడా భావాల బూజు పడుతుంది, దానికీ ముందుగానే మందు కొట్టాలి అంటాడు. బడి వయసులో ఒకసారి, కాలేజీ వయసులో ఒకసారి అంటూ చాలా శ్రద్ధగా షెడ్యూల్ చెప్తాడు. కామెడీగా ఉంటుంది. కాసేపు ఆగితే భయమేస్తుంది.

గమనించండి, ఆ హాల్లో ఎవరూ 'ఆ ఎంపీని చంపేయండి' అనలేదు. సినిమా మొత్తంలో అలాంటి ఆర్డర్ మనకి వినపడదు. తెగులు అంటారు, దేశభక్తి అంటారు, శాంతిభద్రతలు అంటారు. ఒక మనిషిని ముందు తెగులు అని పిలిస్తే చాలు, తర్వాత మందు కొట్టేవాడు ఎవడో ఒకడు తనే వస్తాడు. ఇంత పెద్ద విషయాన్ని తెగులు మందు మీద ఒక బోరింగ్ లెక్చర్‌తో చెప్పాడు చూడండి, అక్కడే ఈ డైరెక్టర్‌కి నేను ఫిదా అయిపోయా.

హత్య చేసిన ప్రాసెస్

ఎంపీ పాత్రలో ఈవ్ మోంతాఁ. సినిమాలో ఆయనకి పేరు లేదు. దేశం పేరు లేదు, ఊరి పేరు లేదు. సభకి ముందుగా మాట్లాడుకున్న హాలు ఆఖరి నిమిషంలో చేజారిపోతుంది. వేరే చిన్న హాలు దొరుకుతుంది. బయట అల్లరి మూకలు. పోలీసులు వచ్చారు, కానీ కొట్టేవాళ్లను ఆపరు. లోపలికి వెళ్తుంటేనే ఎంపీకి ఒక దెబ్బ తగులుతుంది. తల పట్టుకునే స్పీచ్ ఇస్తాడు. బయటికొచ్చి పోలీసు అధికారులవైపు నడుస్తాడు, ఇదేం పద్ధతి అని అడగడానికి. ఆ ఖాళీ రోడ్డు మీద ట్రాలీ బండి వస్తుంది.

ఇందులో ఏ ఒక్క పనినీ విడిగా తీసి చూస్తే నేరం కాదు. హాలు ఇవ్వకపోవడం నేరమా? పోలీసు అటు తిరిగి నిలబడటం నేరమా? ట్రాఫిక్ ఆపిన రోడ్డులోకి ఒక్క బండి రావడం పొరపాటు అనొచ్చు. అన్నీ కలిపితేనే హత్య.

మూకలో ఉన్నవాళ్లు కూడా పుట్టు రాక్షసులేం కాదు. పళ్లు అమ్ముకునే ఒక చిన్న వ్యాపారి ఉంటాడు. అతని కొట్టు పర్మిట్ పోలీసు అధికారి చేతిలో ఉంది. రమ్మంటే రావాలి, అరవమంటే అరవాలి. రాజకీయం మీద పెద్ద ఆసక్తేం లేదు. రేపు పొద్దున కొట్టు తెరుచుకోవాలి, అంతే. ఇలాంటి మనిషి మనకి తెలియకుండా ఉంటాడా?

నల్ల కళ్లద్దాల మేజిస్ట్రేట్

అధికారిక కథ ఏమిటంటే: తాగి బండి నడిపారు, గుద్దారు, ఎంపీ కింద పడ్డాడు, తల రోడ్డుకి తగిలింది. రోడ్డు ప్రమాదం. ఫైల్ క్లోజ్.

అప్పుడు వస్తాడు ఇన్వెస్టిగేటింగ్ మేజిస్ట్రేట్. నటుడు జాఁ లూయీ త్రాంతిన్యాఁ. సన్నగా ఉంటాడు, కళ్లద్దాలు, ముఖంలో ఏ ఫీలింగూ కనపడదు. మన సినిమాల్లో అయితే ఈ పాత్రకి ఎలివేషన్ షాట్, స్లో మోషన్, ఒక పంచ్ డైలాగ్ ఉండేవి. ఇతనికి ఏవీ లేవు. చనిపోయిన ఎంపీ పార్టీ మనిషి కాదు, ఆయన అభిమానీ కాదు. ప్రశ్న అడుగుతాడు, జవాబు వింటాడు, పక్కన గుమాస్తా టైప్ చేస్తుంటాడు. ఈ పాత్రకే కాన్ (ఫ్రాన్స్‌లో జరిగే ఫిల్మ్ ఫెస్టివల్ అది) ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చింది, 1969లోనే.

అతని భాష గమనించండి. మొదట్లో అతను కూడా 'సంఘటన' అనే అంటాడు. పోస్ట్‌మార్టం రిపోర్టు వస్తుంది, ఆ గాయం కింద పడితే అయ్యేది కాదు, దెబ్బ కొడితే అయ్యేది అని. సాక్షులు ఒక్కొక్కరూ వస్తారు. ఒక దశ తర్వాత అతని నోట 'హత్య' అనే మాట వస్తుంది. గొంతు పెంచడు. మాట మారుతుంది, అంతే. ఆ ఒక్క మాట మార్పే ఈ సినిమాలో ఇంటర్వెల్ బ్యాంగ్ అనుకోండి.

ఇంకో క్లూ ఉంది, అది నా ఫేవరెట్. దాడి చేసిన బండి మీదకి దూకి పట్టుకున్న ఎంపీ మనిషి ఒకడుంటాడు. అతని గురించి చెప్తూ నిందితుడు పులితో ఒక పోలిక వాడతాడు. కొంచెం కవిత్వంలా ఉండే పోలిక. తర్వాత ఇంకొకడు అదే పోలిక, అవే మాటల్లో. తర్వాత ఏకంగా పోలీస్ జనరల్ నోట కూడా అదే. ఒక రౌడీ, ఒక జనరల్ ఒకరితో ఒకరికి పరిచయమే లేదని చెప్తూ, ఒకే పోలికను అక్షరం పొల్లుపోకుండా ఎలా వాడారు? బీటెక్‌లో ల్యాబ్ రికార్డ్ కాపీ కొట్టిన వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. అందరి రికార్డులో ఒకే స్పెల్లింగ్ మిస్టేక్ ఉంటే సార్‌కి వేరే ప్రూఫ్ అక్కర్లేదు కదా.

ఈ సీన్ దగ్గర నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెప్తాను. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక రాత్రి రిలీజ్ చేశాం, ప్రొడక్షన్ పడిపోయింది. పొద్దున్నే రిపోర్ట్ అడిగారు, ఎవరికి వాళ్లు విడిగా రాసి ఇవ్వాలి. అంతకుముందే ఒక కాల్‌లో మేం ముగ్గురం ఒక వాక్యం అనుకున్నాం: 'టెస్టింగ్ దశలో తగినంత చెకింగ్ జరగలేదు.' మూడు రిపోర్టుల్లోనూ అదే వాక్యం. టెస్టింగ్ చేసిన కాంట్రాక్ట్ కుర్రాడు ఇంకో రెండు రోజులు టైమ్ కావాలని ముందే మెయిల్ పెట్టాడు. ఆ మెయిల్ మా ముగ్గురికీ వచ్చింది. అయినా రాశాం. తర్వాతి నెల అతని కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు.

మూడు రిపోర్టుల్లో ఒకే వాక్యం ఎందుకుంది అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నేను నిజం చెప్పేవాణ్ణా? తెలీదు. ఒక మనిషి ప్రాణానికీ ఒక ఉద్యోగానికీ పోలిక లేదు, నేనూ పోల్చడం లేదు. కానీ 'సంఘటన' అనే మాట ఎంత సుఖంగా ఉంటుందో నాకు తెలుసు. దాంట్లో చేసినవాడు ఉండడు. అందుకే ఆ మేజిస్ట్రేట్ ఆ మాట వదిలేసినప్పుడు నాకు అంత గట్టిగా తగిలింది.

టైప్‌రైటర్ చప్పుడే ఫైట్ సీన్

ఆఖర్లో ఆఫీసర్లు ఒక్కొక్కరే మేజిస్ట్రేట్ గదిలోకి వస్తారు. యూనిఫాం, ఛాతీ నిండా మెడల్స్. ఒక్కొక్కరికీ అదే వరస: పేరు, ఇంటిపేరు, వృత్తి. గుమాస్తా వేళ్లు టకటకా ఆడతాయి. అభియోగం చదువుతాడు. వాళ్లు బెదిరిస్తారు, అరుస్తారు, బయటికి వెళ్తూ విలేకరులను తప్పించుకోవాలని వేరే తలుపు లాగుతారు. ఆ తలుపుకి తాళం. ఒకడికి కాదు, వరసగా అందరికీ అదే తలుపు, అదే తాళం. థియేటర్లో విజిల్స్ పడే సీన్ ఇది. తుపాకీ లేదు, రక్తం లేదు, ఒక టైప్‌రైటర్ ఉంది.

ఈ వేగం వెనక ఎడిటర్ ఫ్రాన్స్వాజ్ బొనో. ఆమెకి ఆస్కార్ వచ్చింది. ఉత్తమ విదేశీ భాషా చిత్రం ఆస్కార్ కూడా ఈ సినిమాకే, అల్జీరియా తరఫున. ఆ అవార్డుకీ, మెయిన్ ఉత్తమ చిత్రం అవార్డుకీ రెండింటికీ నామినేట్ అయిన మొదటి సినిమా ఇదే. కెమెరా రౌల్ కుతార్, ఎక్కువగా న్యూస్ కెమెరామన్‌లా జనం మధ్యలో తిరుగుతుంది. ఇప్పుడు మనం చూసే షేకీ కెమెరా, ఫాస్ట్ కట్స్ పొలిటికల్ థ్రిల్లర్లకు ఇది పెదనాన్న లాంటిది.

ఎంపీ భార్యగా ఐరీన్ పాపస్. మాటలు చాలా తక్కువ. కేసు గెలుస్తున్నాం, ఆఫీసర్ల మీద అభియోగాలు పడ్డాయి అని ఒకతను ఆనందంగా వచ్చి ఆమెకి చెప్తాడు. ఆమె ముఖం మారదు. సముద్రం వైపు చూస్తుంది. అక్కడ మనకి అనుమానం రావాలి.

గెలిచాక ఓడిపోవడం

వెంటనే టీవీ వార్తల్లా ఒక కుర్రాడు చదవడం మొదలుపెడతాడు. మన ఫొటో జర్నలిస్టే. సాక్షులు ఒక్కొక్కరే చనిపోయారు. మేజిస్ట్రేట్‌ను కేసు నుంచి తప్పించారు. ఆఫీసర్లకి పెద్దగా ఏమీ కాలేదు. చదువుతూ చదువుతూ ఆ కుర్రాడే మాయమవుతాడు, ఒక ఆడ గొంతు అందుకుంటుంది: అధికారిక పత్రాలు బయటపెట్టినందుకు అతనికి జైలు శిక్ష పడింది అని.

తర్వాత సైనిక ప్రభుత్వం నిషేధించిన వాటి జాబితా. పొడుగు జుట్టు, మినీ స్కర్టులు, బీటిల్స్, టాల్‌స్టాయ్, వాళ్ల సొంత దేశపు సోఫోక్లిస్, కొత్త గణితం. ఆఖరిగా ఆ ఒక్క అక్షరం.

రెండు గంటలు నిజం ఎలా బయటపడిందో చూపించి, రెండు నిమిషాల్లో దాన్ని ఎలా పూడ్చేశారో చెప్తాడు. నిజం రుజువు కావడం వేరు, నిజం గెలవడం వేరు. సినిమాల్లో మనం ఆ రెండూ ఒకటే అనుకోవడానికి అలవాటు పడిపోయాం. కోర్టు సీన్ అయిపోగానే క్లాప్స్ కొట్టి లేచిపోతాం.

అయితే ఇక్కడ ఇంకో సంగతి. ఈ సినిమా రిలీజైన రోజున ఆ సైనిక ప్రభుత్వం ఇంకా గద్దె మీదే ఉంది. తర్వాత ఏం జరుగుతుందో తీసినవాళ్లకి తెలీదు. మనకి తెలుసు. 1974లో ఆ ప్రభుత్వం కూలిపోయింది, అప్పటిదాకా సినిమా గ్రీస్‌లో నిషేధం. అసలు మేజిస్ట్రేట్ పేరు క్రిస్తోస్ సార్జెటాకిస్. సైనిక పాలనలో ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు, జైల్లో పెట్టారు, హింసించారు. అదే సార్జెటాకిస్ 1985లో గ్రీస్ దేశానికి అధ్యక్షుడయ్యాడు. ఏ స్క్రీన్‌ప్లే రైటర్ రాసినా 'మరీ ఓవర్ చేశావ్' అంటాం. జరిగింది మరి.

లోపాలు కూడా చెప్పుకోవాలి

క్లాసిక్ కదా అని కళ్లు మూసుకుని మెచ్చుకోనక్కర్లేదు. ఆఫీసర్లు చాలామంది కార్టూన్లలా ఉంటారు. మంచివాళ్లు ఇటు, చెడ్డవాళ్లు అటు అని గీత మరీ తిన్నగా ఉంటుంది. హంతకుల్లో ఒకణ్ణి స్వలింగ సంపర్కుడిగా చూపించి, అతని నీచత్వానికి అదో గుర్తు అన్నట్టు వాడుకున్నారు. ఇవాళ చూస్తే అది తప్పుగానే కనపడుతుంది, కనపడాలి కూడా. ఐరీన్ పాపస్ లాంటి నటికి ఇంకాస్త పాత్ర ఇవ్వాల్సింది.

ఎలా చూడాలి

నిడివి రెండు గంటల పైన కొంచెం. సబ్‌టైటిల్స్‌తో చూడండి. మొదటి ఇరవై నిమిషాలు ఎవరెవరో గుర్తుపట్టడం కష్టంగానే ఉంటుంది, వదిలేయకండి. స్పీడ్ పెంచి మాత్రం చూడొద్దు, సినిమానే పరిగెడుతుంది. తర్వాత వీలైతే హిందీలో దిబాకర్ బెనర్జీ తీసిన 'షాంఘై' (2012) చూడండి. అదీ అదే నవల ఆధారంగా తీసిందే. గ్రీస్ కథ మన దేశపు బస్తీలోకి, ఫ్లెక్సీల మధ్యకి వస్తే ఎలా ఉంటుందో తెలుస్తుంది. రెండూ చూసి, రెండు సినిమాల్లోనూ 'యాక్సిడెంట్' అనే మాట ఎవరెవరు వాడారో ఒక లిస్టు రాసుకోండి. సరదాగా మొదలవుతుంది, చివరికి సరదాగా ఉండదు.

ఇక నుంచి వార్తల్లోనో, వాట్సాప్ ఫార్వర్డ్‌లోనో, మీ ఆఫీస్ మెయిల్‌లోనో 'జరిగిన సంఘటన దురదృష్టకరం' అని కనిపిస్తే ఒక్క సెకను ఆగండి. జరిగిందా, ఎవరైనా చేశారా అని అడగండి. నలుగురు ఒకే వాక్యం చెప్తుంటే, ఆ వాక్యం ముందు ఎవరు రాశారో అడగండి. ఆ మేజిస్ట్రేట్ చేసింది అంతే. నేను ఆ రోజు చేయనిది కూడా అంతే.

సినిమా చూశాక మీకు ఏ సీన్ గుర్తుండిపోయిందో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.